పేరు నేయని జంఖానా

ఆ వారం రోజులుగా బంగ్లా భోజనాల బల్ల మీద అన్నం కంటే సముద్రమే ఎక్కువ చోటు ఆక్రమించింది. మిల్లు మేనేజరు బార్లో దొర బొంబాయి నుంచి తెప్పించుకున్న పటం అది. నాలుగు మూలలా ఉప్పు సీసా, మిరియాల సీసా, జాము డబ్బా, దొరసాని కుట్టుపని పెట్టె బరువుగా పెట్టి, దొర పొద్దున ఫలహారం దగ్గర నుంచీ దాని మీదికి వంగి కూర్చుంటాడు. ప్లేట్లు పెట్టడానికి బట్లరు ఏలియా చోటు వెతుక్కోవాలి. సూపు గిన్నె కాస్త తొణికినా చుక్క పోయి నీలం రంగు మీద పడుతుంది. ఇరవై రెండేళ్ళ చాకిరీలో అతని చెయ్యి ఇంతగా బిగబట్టుకుని పనిచేసింది ఈ వారమే.

పందొమ్మిది వందల నలభై ఏడు, మార్చి నెల. దొర వేసవిలో సెలవు మీద సీమకు పోతున్నాడు. ఊరికే పోతే దొర ఎందుకవుతాడు? దారిలో పద్నాలుగు రోజులు మధ్యధరా సముద్రంలో ఆగుతాడు. రోడ్స్ అనే ద్వీపంలో ఆయన పాత స్నేహితుడు, ఒక మేజరు, ఉన్నాడు. ఆ మేజరుకు తెరచాప పడవ ఉంది. దొర, దొరసాని, మేజరు, ఆయన భార్య, నలుగురూ ఆ పడవెక్కి ఒక ద్వీపం నుంచి ఇంకో ద్వీపానికి, అక్కడి నుంచి మరో ద్వీపానికి తిరుగుతారు. ఎక్కడ ఎన్ని రోజులు, ఏ గాలికి ఎటు పోవాలి, మంచినీళ్ళు ఎక్కడ దొరుకుతాయి, ఈతకు ఏ ఒడ్డు బాగుంటుంది, అన్నీ ఆ బల్ల మీదే తేలుతున్నాయి. దొర పటం మీద గుండుసూదులు గుచ్చి, దొరసాని కుట్టుపని పెట్టెలోని ఎర్రదారాన్ని ఒక సూది నుంచి ఇంకో సూదికి చుట్టి, అటూ ఇటూ జరిగి చూసుకుంటూ మురిసిపోతున్నాడు. మిల్లు గేటు దగ్గర రెండో షిఫ్టు వాళ్ళు రేషను జొన్నల్లో మట్టిపెళ్ళలు చూపించి గొడవ చేస్తున్నారని జమాదారు వచ్చి చెప్పినప్పుడు కూడా ఆయన, "జూన్లో గాలి వాయవ్యం నుంచి కదా వీస్తుంది" అని దొరసానిని అడుగుతున్నాడు.

ఏలియాకు ఇంగ్లీషు చదవడం రాదు. వినడం వచ్చు. బల్ల దగ్గర నిలబడి వినగా వినగా కొన్ని పేర్లు తెలిసినవే అనిపించాయి. రోడ్స్ అంటే రొదు. కోస్ అంటే కోసు. పాట్మోస్ అంటే పత్మాసు. ఆదివారం గుడిలో వాక్యం చదివేటప్పుడు చిన్నప్పటి నుంచీ విన్న ఊళ్ళు. అవి నిజంగా భూమి మీద ఉన్నాయనీ, దొరలు అక్కడికి ఈత కొట్టడానికి పోతారనీ అతనికి ఎప్పుడూ తోచలేదు. ఆ ఆశ్చర్యంలో ఉండగానే దొర ఒక సూది గుచ్చుతూ ఇంకో పేరు అన్నాడు.

"లేరోస్. తొమ్మిదో రోజు."

ఏలియా చేతిలోని ప్లేటు పక్కనున్న గ్లాసుకు తగిలి ఖంగుమంది. దొర తల ఎత్తి చూసి మళ్ళీ వంచుకున్నాడు.

ఆ పేరు ఏ వాక్యంలోనూ లేదు. ఏలియా ఇంట్లో, రేకు పెట్టెలో, చీరల కింద మడతపెట్టి ఉన్న సర్కారు కాగితం మీద ఉంది. అతని ఒక్కగానొక్క కొడుకు దానియేలు పల్టన్లో వంటవాడుగా చేరి, లడాయి అయిపోయిన తర్వాత, రేపో మాపో ఇంటికి వస్తాడనగా, ఆ ద్వీపంలో దవాఖానలో జ్వరంతో చచ్చిపోయాడు. అక్కడే బొంద పెట్టారు. రెండేళ్ళు కావస్తోంది.

మర్నాడు ఏలియా ఆ కాగితాన్ని లోపలి జేబులో పెట్టుకుని వచ్చాడు. దొర ప్రయాణం పట్టీని టైపు చేసి తీసుకొచ్చే సుందర్ రావు మిల్లు ఆఫీసులో టైపిస్టు. అతనిదీ ఏలియాదీ ఒకటే గుడి. దొర స్నానానికి పోయిన సమయం చూసి ఏలియా అతన్ని బల్ల దగ్గరికి తీసుకుపోయాడు. సుందర్ రావు కాగితం చూశాడు, పటం చూశాడు. తర్వాత టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఇదే మామా. గీ సూది గుచ్చిన కాడనే. పత్మాసు పక్కకే ఉన్నది."

"ఎంత దూరముంటది?"

"పటం మీద నీ బొటనేలు గోరంత."

ఏలియా బొటనవేలు పెట్టి చూశాడు. గోరు సరిగ్గా సరిపోయింది. ఇన్నాళ్ళూ అతని కొడుకు ఎక్కడున్నాడో కూడా తెలియనంత దూరంలో ఉన్నాడు. ఇప్పుడు తను రోజూ ఉప్పు సీసా పెట్టే చోటుకు జానెడు ఇవతల ఉన్నాడు.

సాయంత్రం ఇంటికి పోయేసరికి భార్య హన్నా రవికె కుడుతోంది. కొత్తవాడ చివర, సాలెవాళ్ళ గల్లీ ఆనుకుని వాళ్ళ ఇల్లు. గల్లీలో ఆడవాళ్ళందరికీ ఆమే కుడుతుంది. ఏలియా చెప్పడం మొదలుపెట్టగానే ఆమె మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది.

"దొర ఆడికి పోతాండా? నిజంగనే?"

"తొమ్మిదో దినం. ఒక రోజు ఉంటరట."

హన్నా సూది కింద ఇరుక్కున్న బట్టను మెల్లగా వెనక్కి లాగి, తెగిన దారాన్ని నోటితో తడిపి మళ్ళీ సూదిలోకి ఎక్కించింది. ఎక్కించి కుట్టలేదు.

"ఈస్టరుకు అందరు తమతమ గోరీలు కడిగి సున్నమేస్తరు. మొంబత్తులు పెడ్తరు. నేను నిరుడు సుందర్ రావు పెండ్లాం రూతు వాళ్ళత్త గోరీ కాడ నిలవడి వచ్చిన. ఎవలన్న సూస్తే ఈమెకీడ ఎవలున్నరనుకుంటరు." ఆమె గొంతులో ఏడుపు లేదు. కోపం ఉంది. "ఒక గుడ్డ పంపుదాం. వాని మీద కప్పెతందుకు."

"ఏం గుడ్డ?"

"జంఖానా. కొత్తవాడల పుట్టిండు, జంఖానాల మీద పాకిండు. ఆడ వానికింద ఏమన్న పరిచిండ్రో, ఉత్త మన్నుల పెట్టిండ్రో. దొరను అడుగు, తీస్కపొమ్మని."

"దొరను నేనెట్ల అడుగుత?"

"నోటితోని. అడగందే అమ్మయినా పెట్టదు."

దానియేలు పోయాడని టెలిగ్రాము వచ్చిననాడు గల్లీ ఆడవాళ్ళంతా వచ్చి కూర్చున్నారు. ఎవరో ఒకరు శోకం ఎత్తుకుంటే అందుకుందామని చూశారు. నడి ఇంట్లో శవం ఉంటే దాని మీద పడి ఏడుస్తారు, చెయ్యి పట్టుకుని, మొహం నిమిరి, చేసినవీ చెప్పినవీ తలచుకుని ఏడుస్తారు. ఖాళీ నేలను చూసి ఏమని ఏడుస్తారు? పాస్టరుగారు కూడా వచ్చి, విశ్వాసులు అట్లా బిగ్గరగా ఏడవకూడదమ్మా అని ప్రార్థన చేసి పోయారు. హన్నా ఏడవలేదు. ఆడవాళ్ళు కాసేపుండి మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు. మర్నాడే ఆమె మిషను ముందు కూర్చుంది. గట్టి గుండె అన్నారు కొందరు. ఏలియాకు మాత్రం ఆమె లోపల ఏదో ఆనాడే నిలిచిపోయి, ఇంకా కదలలేదని తెలుసు.

ఇరవై రెండేళ్ళలో ఏలియా దొరను ఏమీ అడగలేదు. పండుగకు బట్టలు పెడితే తీసుకున్నాడు, పెట్టకపోతే ఊరుకున్నాడు. రెండు రోజులు మాటలు కూర్చుకుని, మూడోరోజు పొద్దున టీ పోస్తూ అడిగాడు. దొరసాని ఇంకా లేవలేదు. దొర ఉర్దూ, తెలుగూ కలిపి మాట్లాడతాడు కనుక ఏలియా కూడా అట్లాగే కలిపి చెప్పాడు. చెప్పడం పూర్తయ్యేసరికి కప్పు నిండి సాసరులోకి పొర్లింది.

"డేనియల్?" అన్నాడు దొర. "వంటింట్లో గుడ్లు దొంగిలించేవాడు, ఆ డేనియలా?" అని నవ్వబోయి, ఏలియా మొహం చూసి ఆగిపోయాడు. లేచి నిలబడ్డాడు. ఏలియా భుజం మీద చెయ్యి వేశాడు. "జరూర్ ఏలియా. నేనే తీసుకుపోతాను. నా చేతులతో నేనే పరుస్తాను. ఫికర్ మత్ కరో." పట్టీ తీసి, తొమ్మిదో రోజు పక్కన పెన్సిలుతో ఏదో రాశాడు. ఆయన కళ్ళు కూడా కాస్త చెమ్మగిల్లాయి. ఆ క్షణంలో ఆయన అబద్ధమాడలేదు. అది ఒప్పుకోవాలి.

ఏలియా వంటింట్లోకి పోయి పొయ్యి దగ్గర నిలబడి, పొగ వల్లనన్నట్టు కళ్ళు తుడుచుకున్నాడు.

దొర పడవలో పరవడానికి నాలుగు జంఖానాలు అప్పటికే కొత్తవాడలో సాంబమూర్తి అడ్డ మీద నడుస్తున్నాయి. అడ్డ అంటే నేలకు జానెడు ఎత్తున రెండు దూలాల మధ్య బిగించిన మగ్గం. సాంబమూర్తి, అతని భార్య అనసూర్య పక్కపక్కన కూర్చుని, చెరో అంచు నుంచీ నూలు దూర్చుకుంటూ మధ్యలో కలుస్తారు. కలిసిన చోట ఇనుప పంజాతో కొడతారు. దువ్వెన లాంటి ఆ పంజా టకటకా పడుతుంటే గల్లీకి అదే గడియారం.

హన్నా వచ్చి గుమ్మంలో కూర్చుంది. సంగతి విని సాంబమూర్తి పంజా పక్కన పెట్టాడు.

"పిలగాడు ఎంత పొడుగుండె అక్కా?"

హన్నా లేచి ద్వారబంధం మీద చెయ్యి పెట్టి చూపించింది. కాస్త ఆలోచించి చేతిని రెండు వేళ్ళు పైకి జరిపింది. "పోయేనాడు గింతుండె. పల్టన్ల ఇంకింత పెరిగిండని రాసిండు."

సాంబమూర్తి ద్వారబంధాన్ని మోచేతితో కొలిచాడు. "నాలుగు మూరలు ఏస్త. తక్కువ పడొద్దు."

"పేరు నెయ్యాలె తమ్మీ. దానియేలని. ఎర్ర నూలుతోని."

దానికి మాత్రం అతను తల అడ్డంగా ఊపాడు. "పేరు నెయ్య అక్కా. కోపం జెయ్యకు. తొక్కే గుడ్డ మీద మనిషి పేరు నెయ్యొద్దు. దేవుని పేరు నెయ్యొద్దు. మా తాతలకాడి సంది నేసినోళ్ళు లేరు."

"ఇది తొక్కే గుడ్డ గాదు. గోరీ మీద కప్పేది."

"నీకెరుక, నాకెరుక. గుడ్డకు ఎర్కనా? గాలికి ఎగిరి ఆడ వడ్డదనుకో, ఎవడో ఎరుకలేనోడు కాలు పెడ్తడు. మన పిలగాని పేరు మీద కాలు పెడ్తడు. పాపం నాకు వద్దు, నీకొద్దు." అతను చేయి చాచి ఆమె ముందు నేల ముట్టుకున్నాడు. "పేరు లేకుంటేంది? నెత్తి దిక్కు అంచు మూడు పేటలు ఏస్త. ఇసొంటిది ఈ గల్లీల ఇంకోటి లేదనేటట్టు నేస్త."

హన్నా ఒప్పుకుంది. న్యాయంగానే తోచింది ఆమెకు.

నూలు దొరకడం అసలు కష్టం. కంట్రోలు రోజులు. డిపో ముందు పొద్దుగూకే దాకా నిలబడినా సాలెవాడి చేతికి వచ్చేది నాలుగు చిలపల నూలే. ఎదురింటి పోశవ్వ, కండెలు చుట్టే ముసలామె, ఆ మాట విని లేచింది. కొంగు చాపి ఇంటింటికీ పోయింది. ఒకరు చిలప వేశారు, ఒకరు సగం వేశారు, ఒకరు తెగిన పోగుల ముద్ద వేశారు. ఆ పోగులన్నిటినీ రాట్నం ముందు కూర్చుని ఆమే ముడివేసి అతికింది. అద్దకం కోసం వేరే రంగు ఎక్కడుంది? బంగ్లా జంఖానాలకు కలిపిన నీలం, ఇటుకరంగు కాగుల్లో మిగిలిన అడుగులోనే ముంచారు. అందుకని ఐదో జంఖానా కూడా మిగతా నాలుగింటి రంగులోనే వచ్చింది. నేత మాత్రం వేరు. చెయ్యి పెట్టి తడిమితే ఎక్కడా ముడి తగలదు.

ఏలియా బంగ్లా పని ముగించుకుని వస్తూ రోజూ అక్కడ ఆగేవాడు. ఎంత పొడుగు అయిందో చూసేవాడు. మోకాళ్ళ దాకా వచ్చింది, నడుం దాకా వచ్చింది అని మనసులో అనుకునేవాడు. ఒకరోజు కూలి మాట ఎత్తబోతే సాంబమూర్తి పంజాతో రెండు దెబ్బలు ఎక్కువ కొట్టాడు. ఏలియా ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

శనివారం నాడు జంఖానాలు కోసి అంచులు ముడివేశారు. నాలుగింటినీ బండి మీద వేసి బంగ్లాకు పంపారు. ఐదోదాన్ని ఏలియా పాత ధోతిలో చుట్టి, చంకలో పెట్టుకుని నడిచి పోయాడు. గల్లీ మొదటి దాకా హన్నా వెంట వచ్చింది. దొర పరిచేటప్పుడు తల వైపు మూడు పేటల అంచు రావాలని చెప్పమంది. ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి చూశారు. చాలా రోజుల తర్వాత ఆమె మొహంలో నెత్తురు కనిపించిందని పోశవ్వ అంది.

దొర మిల్లులో ఉన్నాడు. బొంబాయికి ముందుగా పంపే పెట్టెలు సర్దే గదిలో, అన్నిటి కంటే పెద్ద ట్రంకు మీద ఏలియా ఆ మూటను పెట్టాడు. దొరసానికి చెప్పలేదు. దొరకు తెలుసు కదా అనుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం భోజనం దగ్గర దొర ఉత్తరం చదువుతున్నాడు. మేజరు రాసిన ఉత్తరం. ఏలియా మాంసం పళ్ళెం పట్టుకుని దొర ఎడమ పక్కన నిలబడి ఉన్నాడు.

"లేరోస్ వద్దంటున్నాడు," అన్నాడు దొర ఇంగ్లీషులో. "రేవు నిండా మునిగిపోయిన ఓడలేనట. బాంబులతో ఊరంతా కూలిపోయి ఉందట. చూడటానికి ఏమీ లేదు. పాట్మోస్లో రెండు రోజులు ఉంటే బాగుంటుందంటాడు."

"మంచిదే," అంది దొరసాని. "కూలిపోయిన ఊళ్ళు లండన్లో చూడొచ్చు. నాకు ఇంకో రోజు ఈత దొరుకుతుంది."

దొర సూది పీకాడు. ఎర్రదారం ఒక్కసారి వదులై బల్ల మీదికి జారింది. దాన్ని లాగి, దానికి ముందున్న ద్వీపం కాలిమ్నోస్ నుంచి నేరుగా పాట్మోస్‌కు చుట్టాడు. పీకిన సూదిని సిగరెట్ల బూడిద గిన్నెలో పడేశాడు. తర్వాత పట్టీ తీసి తొమ్మిదో రోజు మీద గీత గీశాడు. పక్కన తను రాసుకున్న పెన్సిలు రాత కూడా ఆ గీత కిందే పోయింది. ఆయన దాన్ని చదవనైనా లేదు.

"ఈవేళ కూరలో ఉప్పు తగ్గింది ఏలియా," అన్నాడు పళ్ళెంలోంచి మళ్ళీ వడ్డించుకుంటూ.

దొర మోసం చేసి ఉంటే ఏలియా లోపల్లోపలే అయినా తిట్టుకునేవాడు. కానీ ఆయన మోసం చేయలేదు. మర్చిపోయాడు. భుజం మీద వేసిన చెయ్యి, చెమ్మగిల్లిన కళ్ళు, అన్నీ పది రోజుల్లో మర్చిపోయాడు. మర్చిపోయినవాణ్ణి ఏమని తిట్టాలి? పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఇక్కడ పిల్లికి ఎలుక సంగతే గుర్తు లేదు.

ఏలియా ఉప్పు సీసా తీసి ఇచ్చాడు. పటం మూల పైకి లేచింది.

సాయంత్రం హన్నా పెరట్లో బియ్యం చెరుగుతూ, దొర అక్కడ ప్రార్థన చేస్తాడా, చేస్తే ఇంగ్లీషులో చేసినా ఫరవాలేదా అని అడిగింది. ఫరవాలేదన్నాడు ఏలియా. చెబుదామని నోరు తెరిచాడు. చేటలో నూకలు ఒక పక్కకు పోయాయి, గింజలు ఒక పక్కకు పోయాయి. రేపు దొరతో ఒక్కసారి మాట్లాడి చూస్తే, ఒక పూట అడిగితే, ఇస్తాడేమో. చెప్పలేదు.

సోమవారం పొద్దున టీ కెటిలు పట్టుకుని బల్ల దగ్గరికి పోయేసరికి దొర, దొరసాని ఇద్దరూ ఉన్నారు. ఏలియా టీ పోయలేదు.

"దొరా, లేరోసు తీసేసిండ్రట గదా."

దొరకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. మొహం ఎర్రబడింది. "ఓ. అచ్ఛా. అవును ఏలియా. నీకు చెప్పాల్సింది, భూల్ గయా."

"ఒక్క పూట చాలు దొరా. పొద్దున పోయి పగటికల్ల ఎళ్ళొచ్చు. గోరంత దూరం." ఏలియా పటం మీద బొటనవేలు పెట్టి చూపించాడు. దొర పటాన్ని అతను ముట్టుకోవడం అదే మొదలు.

"సముద్రం మీద గోరంత కాదు, ఏలియా. గాలి ఉంటుంది, రేవు ఉంటుంది. పద్నాలుగు రోజులు ఎంత తక్కువో నీకు తెలియదు." దొర నిజంగానే నొచ్చుకుంటున్నట్టున్నాడు. "చూడు, పడవ ఆ ద్వీపం పక్కనుంచే పోతుంది. నేను నిలబడి టోపీ తీస్తాను. ప్రామిస్. డేనియల్ కోసం."

"జంఖానా?"

"ఏ జంఖానా?" అంది దొరసాని. పెనిమిటి చెప్పాక, "ధోతిలో చుట్టింది అదా? పాపం, నాకెవరూ చెప్పలేదే. మూటలో ఉంటే పురుగు పడుతుందని నిన్న రాత్రి తీయించాను. అన్నిటికంటే అదే బాగుంది. వరండాలో వేయించాను, మా కుక్క టాబీ కూడా దాని మీదినుంచి లేవడం లేదు," అంది. నవ్వింది. చెడ్డ నవ్వు కాదు.

దొర ఇబ్బందిగా గడ్డం గోక్కున్నాడు. "అమ్మగారికి నచ్చింది ఏలియా. నువ్వు ఇంకోటి నేయించుకో. కొత్తవాడలో జంఖానాలకు కరువా?"

ఏలియా చేతిలో కెటిలు ఉంది. దాన్ని పెట్టే దిమ్మ పక్కబల్ల మీద ఉంది. అతను అటు పోలేదు. మరుగుతున్న కెటిలును పటం నడిమధ్యన పెట్టి వరండాలోకి నడిచాడు. వెనక దొరసాని కెవ్వుమంది.

జంఖానా వరండాలో పరిచి ఉంది. దాని ఒక కొస మీద బెత్తం కుర్చీ, మధ్యలో కుక్క. కుక్క రాత్రి తోటలో తిరిగినట్టుంది, మట్టి కాళ్ళ గుర్తులు అటూ ఇటూ ఉన్నాయి. ఒక చోట బూటు ముద్ర, పూర్తిగా, మడమతో సహా ఉంది. పేరుంటే తొక్కేవాళ్ళు కాదేమో. ఎవరిదని అడిగేవాళ్ళేమో. పాపం రాకూడదని పేరు నేయలేదు సాంబమూర్తి. ఏలియా కుర్చీని ఎత్తి పక్కన పెట్టాడు. కుక్క కింద చెయ్యి వేసి, దాన్ని కూడా ఎత్తి నేల మీద దించాడు. జంఖానాను తిరగేసి, మోకాళ్ళ మీద కూర్చుని, మూడు పేటల అంచు వైపు నుంచి చుట్టడం మొదలుపెట్టాడు. మట్టి లోపలికి పోకుండా ప్రతి చుట్టుకూ అరచేత్తో తుడుస్తూ చుట్టాడు.

దొర తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "ఏలియా! ఏం చేస్తున్నావ్ నువ్వు?"

ఏలియా చుట్టిన జంఖానాను భుజం మీదికి ఎత్తుకుని లేచాడు. ఉర్దూ కలపలేదు.

"మా పిలగాన్ని ఇంటికి తీస్కపోతాన్న దొరా."

ముందు మెట్ల మీదుగా దిగి గేటు దాటాడు. నౌకర్లు ఆ మెట్లు వాడకూడదు. ఆపడానికి ఎవరూ రాలేదు.

ఎండ అప్పుడే తీక్షణంగా ఉంది. మిల్లు సైరను మోగింది. షిఫ్టు దిగిన జనం ఎదురొస్తూ, తెల్ల కోటు తొడుక్కుని జంఖానా మోసుకుపోతున్న బట్లరును చూసి తప్పుకున్నారు. నూలు జంఖానా అంత బరువు ఉండదు. కానీ నడుస్తున్న కొద్దీ బరువెక్కింది. భుజం మార్చుకోవడానికి అతనికి మనసు రాలేదు. హన్నాతో ఏం చెప్పాలో దారి పొడుగునా కూర్చుకున్నాడు. గాలి అనీ, రేవు అనీ, పద్నాలుగు రోజులు చాలవట అనీ. కొత్తవాడలో అడుగు పెట్టేసరికి ఆ మాటలేవీ మిగల్లేదు.

పోశవ్వ గుమ్మంలో రాట్నం తిప్పుతోంది. అతన్ని చూసింది. భుజం మీద ఉన్నది చూసింది. రాట్నం ఆగింది. ఆమె వెనక్కి తిరిగి లోపలికి ఏదో చెప్పింది. సాంబమూర్తి ఇంట్లో పంజా ఆగింది. ఆ పక్కింట్లో ఆగింది. ఏలియా నడుస్తుంటే గల్లీ పొడుగునా ఒక్కో మగ్గం చప్పుడు పడిపోతూ వచ్చింది.

హన్నా మిషను ముందు కూర్చుని ఉంది. తల ఎత్తింది. ఏలియా గుమ్మం ముందు ఆగాడు. ఏమైందని ఆమె అడగలేదు. అతని మొహం చూసింది. తర్వాత భుజం మీది చుట్టను ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసింది. లేచి వాకిట్లోకి వచ్చింది. చేతులు చాచి దాన్ని ముట్టుకుంది. దాని మీద అంటిన మట్టిని వేళ్ళతో తుడిచింది, మొహం తుడిచినట్టు తుడిచింది. అక్కడే మట్టిలో కూలబడింది.

"ఓ నా కొడుకా..."

రెండు చేతులతో నేలను చరిచింది.

"ఓ నా కొడుకా, దానీ! నడిసి పోతివి కొడుకా, నాయిన భుజం మీద వస్తివా కొడుకా! ఎన్ని సముద్రాల అవతల పంటివి బిడ్డా! నీ మీద పిడికెడు మన్ను ఏయలేదు బిడ్డా! జ్వరమొచ్చిననాడు నీ నెత్తి మీద చెయ్యి ఎవలు పెట్టిండ్రు బిడ్డా!"

పోశవ్వ పరుగున వచ్చి ఆమె మెడ పట్టుకుని అందుకుంది. అనసూర్య వచ్చింది. సుందర్ రావు భార్య రూతు వచ్చింది. పోగులిచ్చినవాళ్ళు, చిలపలిచ్చినవాళ్ళు ఒక్కొక్కరే ఇళ్ళలోంచి వచ్చి, చుట్టూ కూర్చుని, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని శోకం కలిపారు. రెండేళ్ళ కింద ఏం చేయాలో తెలియక మంచినీళ్ళు తాగి లేచిపోయిన ఆడవాళ్ళే వాళ్ళు. ఇప్పుడు ఎవరికీ ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. ఏడుస్తూనే ఒకామె లోపలికి పోయి నడి ఇల్లు ఊడ్చింది.

ఏలియా మాత్రం వాకిట్లో అట్లాగే నిలబడి ఉన్నాడు. ఎక్కడ పెట్టాలో, ఎట్లా పెట్టాలో అతనికి తోచడం లేదు. భుజం తిమ్మిరెక్కింది. తెల్ల కోటు చెమటతో వీపుకు అంటుకుపోయింది. సాంబమూర్తి చేతులు ధోతికి తుడుచుకుంటూ ఆడవాళ్ళ మధ్య నుంచి దారి చేసుకుని వచ్చాడు. జంఖానా మీద ఉన్న బూటు ముద్ర అతనికి కనిపించింది. దాని మాట ఎత్తలేదు. రెండో కొస కింద తన భుజం పెట్టాడు.

"ఇటు నేను పట్టుకుంట బావా," అన్నాడు. "దించుదాం. పైలంగ."

ఇద్దరూ కలిసి లోపలికి మోసుకుపోయి నడి ఇంట్లో దించారు.